సైకడెలిక్ రాక్ కొత్తగా వినేవారికి: ముందు చిన్న పాటలు, తర్వాతే ఆల్బమ్‌లు

మీరు అడిగినవి మూడు. పింక్ ఫ్లాయిడ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ నచ్చి, అలాంటివి ఇంకా విందామని ఎక్కడో దొరికిన ‘తప్పక వినవలసిన ఆల్బమ్‌లు’ జాబితా పట్టుకున్నారు. గ్రేట్‌ఫుల్ డెడ్ ‘లైవ్/డెడ్’ దగ్గర విసుగొచ్చి ఆపేశారు. అందుకని ఆల్బమ్‌లతో మొదలుపెట్టాలా, సంకలనాలతోనా అన్నది మొదటి ప్రశ్న. మత్తుమందు లేనిదే ఈ సంగీతం పట్టుబడదని మీ స్నేహితుడు అన్నది నిజమా అన్నది రెండోది. దాచుకున్న డబ్బుతో ఏ ఎల్పీలు, అంటే ఆల్బమ్ మొత్తం పట్టే పెద్ద రికార్డులు, కొనాలన్నది మూడోది.

సంకలనాలతోనే మొదలుపెట్టండి. ఆ జాబితా తయారుచేసినవారి అభిరుచిని తప్పుపట్టను గానీ, కొత్తవారి చేతికి ‘లైవ్/డెడ్’ ఇవ్వడమంటే ఈత రానివాణ్ణి తీసుకెళ్లి నడిగోదావరిలో దింపడమే. సైకడెలిక్ రాక్, అంటే భ్రాంతిలో ఉన్నట్టు తోచే వింత శబ్దాల రాక్, అనగానే ఇరవై నిమిషాల గిటార్ వాయింపు గుర్తొస్తుంది అందరికీ. అది తర్వాత వచ్చిన సంగతి. 1966, 67లలో ఇది ప్రధానంగా సింగిల్స్ సంగీతం. నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు, వైపుకొక పాట, రెండున్నర నుంచి మూడు నిమిషాల నిడివి. అంతకు మించితే రేడియోవాళ్లు వేయడానికి వెనకాడేవారు. కొత్తగా కనిపెట్టిన ప్రతి వింత శబ్దాన్నీ ఆ ఇరుకులోనే ఇమడ్చవలసి వచ్చేది. మీకు విసుగు పుట్టించిన ‘డార్క్ స్టార్’నే చూడండి. 1969లో వచ్చిన ‘లైవ్/డెడ్’లో అది 23 నిమిషాలు సాగుతుంది. అదే పాటను అదే బృందం 1968లో సింగిల్‌గా విడుదల చేసింది. అది మూడు నిమిషాలు కూడా ఉండదు. ముందు ఆ చిన్న రూపం వినండి. పాట ఎక్కడ మొదలై ఎక్కడికి వెళుతుందో తెలిశాక, పెద్ద రూపంలో వాళ్లు దారి వదిలి ఎంత దూరం తిరిగి వచ్చారో మీకే తెలుస్తుంది.

సంకలనాల్లో మొదట చెప్పవలసింది ‘నగెట్స్’. న్యూయార్క్‌లో రికార్డుల దుకాణంలో పనిచేస్తూ పత్రికలకు రాక్ సంగీతం గురించి రాసే లెన్నీ కే 1972లో దీన్ని కూర్చాడు. తర్వాతి కాలంలో గాయని పాటీ స్మిత్ పక్కన నిలబడి గిటార్ వాయించింది కూడా ఈయనే. ఎలెక్ట్రా కంపెనీ అధిపతి జాక్ హోల్జ్‌మన్ ప్రోత్సాహంతో తయారైన ఈ జంట ఎల్పీలో 1965 నుంచి 68 దాకా వచ్చిన 27 పాటలున్నాయి. అప్పటికి అవి నాలుగు నుంచి ఏడేళ్ల నాటి పాటలే. అయినా చాలావరకు మరుగున పడిపోయాయి. ఒక్క పాటతో వెలిగి ఆరిపోయిన బృందాలవి. లెన్నీ కే వాటిని ఏరి, ఒక వరసలో పెట్టి, ప్రేమగా ముందుమాట రాశాడు. ఆ ముందుమాటలో ‘పంక్ రాక్’ అనే మాట ఉంది. పంక్ అనే ఉద్యమం రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

మొదటి పాట ఎలెక్ట్రిక్ ప్రూన్స్ బృందానిది, ‘ఐ హ్యాడ్ టూ మచ్ టు డ్రీమ్’. టేపును వెనక్కి తిప్పి వినిపించిన గిటార్ రొద తేనెటీగల గుంపులా దగ్గరికొస్తుంది; అంతలోనే పాట మామూలుగా మొదలవుతుంది. ఆ కొద్ది సెకన్లు మీకు నచ్చితే ఈ సంగీతం మీకు నచ్చుతుందని నేను హామీ ఇవ్వగలను. తర్వాత కౌంట్ ఫైవ్ కుర్రాళ్ల ‘సైకోటిక్ రియాక్షన్’ వినండి. పాట నడిమధ్య లయ ఒక్కసారిగా పరుగందుకుంటుంది, మళ్లీ ఏమీ జరగనట్టు మొదటి నడకకు వస్తుంది. ఒక హెచ్చరిక: ‘నగెట్స్’లో దాదాపు సగం పాటలు అసలైన సైకడెలిక్ కావు. ఇంటి కారు షెడ్లలో సాధన చేసుకున్న కుర్రాళ్ల మొరటు రాక్ అది, గరాజ్ రాక్ అంటారు. కానీ ఆ మొరటుతనం లేకపోతే సైకడెలిక్ రాక్ మెత్తబడి పూలూ మబ్బుల పాటగా మిగిలేది. 1998లో రైనో కంపెనీ దీన్ని నాలుగు సీడీలుగా, 118 పాటలకు పెంచింది. మీరు మొదటి సీడీతో ఆగండి. అసలు 27 పాటలూ అందులోనే ఉన్నాయి.

ఆ 27లో ఒకటి టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌కు చెందిన థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ పాట ‘యూ ఆర్ గాన మిస్ మీ’. దీని మీద కాస్త ఆగుతాను. గాయకుడు రోకీ ఎరిక్సన్ గొంతు చించుకుని పాడుతుంటే, వెనక ఎవరో ఆగకుండా గుడగుడమని ఏదో ఊదుతున్నట్టు వినిపిస్తుంది. అది టామీ హాల్ జాడీ. మట్టి జాడీ మూతి దగ్గర మైకు పట్టుకుని నోటితో చేసే శబ్దం. ఇంకెవరూ అలాంటి వాద్యాన్ని రాక్ బృందంలో అంత ధీమాగా పెట్టలేదు. 1966లోనే వీళ్లు తమ మొదటి ఆల్బమ్ పేరులో ‘సైకడెలిక్’ అనే మాట వేసుకున్నారు. రికార్డింగ్ నాసిగా ఉంటుంది, అయినా వినండి.

అమెరికా పాటలు అలవాటయ్యాక ‘నగెట్స్’ రెండో పెట్టె తెరవండి. 2001లో వచ్చిన ఇందులో బ్రిటన్‌తో పాటు ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, జపాన్, బ్రెజిల్ వంటి దేశాల పాటలున్నాయి. నాకు మొదటి పెట్టె కంటే ఇదే ఇష్టం. అమెరికా కుర్రాళ్లు కోపంగా పాడితే, బ్రిటన్ కుర్రాళ్లు చిన్ననాటి కథల పుస్తకాల్లోకి, అమ్మమ్మ ఇంటి పెరట్లోకి వెళ్లిపోయారు. టుమారో అనే బృందం ‘మై వైట్ బైసికిల్’ అని ఒక సైకిల్ మీద పాట కట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే యువజన బృందం ఎవరైనా వాడుకోవచ్చని వీధుల్లో వదిలిన తెల్ల సైకిళ్లు దానికి ప్రేరణ. ఆ గిటార్ వాయించిన స్టీవ్ హౌ తర్వాత యెస్ బృందంలో పేరు తెచ్చుకున్నాడు. క్రియేషన్ బృందం పాటలు కూడా వదలకండి.

‘పెబుల్స్’, ‘రబుల్’ అని ఇంకా లోతుకు తవ్విన సంకలన వరసలున్నాయి. ఇప్పుడే వద్దు. మరుగున పడిన పాటల్లో కొన్నింటికి ఆ మరుగే తగినదని, అవి వింటే గాని తెలియదు. అట్ట మీద రంగు రంగుల అక్షరాలతో చవగ్గా దొరికే ‘సైకడెలిక్ 60లు’ తరహా సంకలనాలకైతే అసలు దూరంగా ఉండండి. అలాంటి వాటిలో చాలాసార్లు అసలు రికార్డింగులు ఉండవు. ఆ గాయకులే ముసలితనంలో డబ్బు కోసం మళ్లీ పాడినవి ఉంటాయి. ఇంకో చిక్కు ఉంది. సంకలనంలోని పాటల హక్కులు పలు కంపెనీల దగ్గర ఉంటాయి కనుక ఫోనులో వినే సేవల్లో మధ్యమధ్య పాటలు కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు బృందం పేరుతో విడిగా వెతకండి.

ఇక శబ్దం సంగతి. ఈ సంగీతంలో సగం పని స్టూడియోలో టేపుల మీద జరిగింది. దానికి నేనిచ్చే పాఠం ఒక్క పాట: బీటిల్స్ ‘రివాల్వర్’ (1966) ఆల్బమ్‌లోని చివరిది, ‘టుమారో నెవర్ నోస్’. నిడివి మూడు నిమిషాలే. టేపు ముక్కల రెండు కొసలు అతికించి చుట్టలుగా తిప్పుతూ, ఆ శబ్దాలను పాటలోకి వదులుతూ, లాగేస్తూ పోయారు. సముద్రపక్షుల అరుపులా వినిపించేది అలా వచ్చిందే. పాట రెండో సగంలో లెనన్ గొంతును హామండ్ ఆర్గాన్‌కు వాడే, లోపల తిరుగుతూ ఉండే లెస్లీ స్పీకర్ గుండా పంపించారు. రింగో డ్రమ్స్ మీద ఒకే దరువును మంత్రంలా వాయిస్తూ పోతాడు. అన్నిటికన్నా ముఖ్యం, పాట దాదాపు మొత్తం ఒకే ఆధార స్వరం మీద నిలబడుతుంది. మొదట్లో వినిపించే తంబుర మీరు గుర్తుపట్టే ఉంటారు.

ఇక్కడే మన చెవికి ఒక సౌలభ్యం ఉంది. పాశ్చాత్య పాప్ పాట స్వరాల కలయికలు (కార్డ్స్) మారుతూ ఉంటే ముందుకు నడుస్తుంది. అవి మారకుండా ఆధార శ్రుతి ఒక్కటే మోగుతూ, దాని మీద రాగం విచ్చుకోవడమన్నది 1966లో లండన్ కుర్రాడికి దిగ్భ్రమ కలిగించిన సంగతి. త్యాగరాజ కీర్తనలు వింటూ పెరిగినవారికి అందులో దిగ్భ్రమ ఏముంది? సంగీతం రాకపోయినా శ్రుతిపెట్టె మోత తెలియని ఇల్లు మనలో తక్కువ. కాబట్టి ఒకే స్వరం మీద సాగే పాటలను, పాశ్చాత్య శ్రోతలు కష్టమంటారని, మీరు వెనక్కి నెట్టకండి. బహుశా మీకు అవే ముందు పట్టుబడతాయి.

ఆ ప్రభావం ఊహ కాదు, చాలాచోట్ల నేరుగా కనిపిస్తుంది. కింక్స్ బృందం 1965లో ఆస్ట్రేలియా వెళుతూ బొంబాయిలో ఆగినప్పుడు తెల్లవారుజామున పాడుకుంటూ వెళ్లే జాలరుల గొంతులు విని రే డేవిస్ ‘సీ మై ఫ్రెండ్స్’ రాశాడు. సితార లేకుండానే గిటార్‌తో ఆ మోత తెప్పించారు. బర్డ్స్ ‘ఎయిట్ మైల్స్ హై’ (1966)లో పన్నెండు తీగల గిటార్ అలా తడబడుతూ పరుగెత్తడానికి కారణం, వాళ్లు ప్రయాణంలో రవిశంకర్‌నూ జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌నూ పదేపదే వింటూ ఉండటం. కోల్ట్రేన్ రచనల్లో ఒకదాని పేరే ‘ఇండియా’. డోర్స్ బృందంలో గిటార్ వాయించే రాబీ క్రీగర్, డ్రమ్స్ వాయించే జాన్ డెన్స్‌మోర్ లాస్ ఏంజెలెస్‌లో రవిశంకర్ నడిపిన కిన్నర సంగీత పాఠశాలకు వెళ్లినవారే. 1967లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ చివర ‘ది ఎండ్’ వింటే మన సంగీతం మీద వాళ్ల మోజు తెలుస్తుంది.

మీరు వచ్చింది పింక్ ఫ్లాయిడ్ దారిన. ఆ దారిలోనే వెనక్కి నడవండి, కానీ ఒక్క గెంతులో కాదు. 1973 నాటి ‘డార్క్ సైడ్’ నున్నగా చెక్కిన పని. దాన్ని సైకడెలిక్ అనడం కంటే ఆ కాలం వదిలిన నీడ అనడం సబబు. అక్కడి నుంచి 1971 నాటి ‘మెడిల్’కు రండి. అందులో 23 నిమిషాల ‘ఎకోస్’ మీకు సులువుగానే పట్టుబడుతుంది. ఆ తర్వాత 1968 నాటి ‘ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’, అందులో ముఖ్యంగా సూర్యుడి నడిబొడ్డుకు ప్రయాణం కట్టే ‘సెట్ ది కంట్రోల్స్’. చివరగా 1967 ఆగస్టు నాటి మొదటి ఆల్బమ్ ‘ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్’.

ఇది మీకు మొదట నచ్చకపోవచ్చు. గొంతు వేరు, నాయకుడు వేరు. మీరు ‘డార్క్ సైడ్’లో విన్న గిటారిస్టు డేవిడ్ గిల్మర్ ఇంకా చేరలేదు. సిడ్ బారెట్ అనే యువకుడు మరుగుజ్జుల మీద, పిల్లి మీద, సైకిల్ మీద పిల్లల పాటల్లాంటివి కట్టి, వాటి పక్కనే తొమ్మిది నిమిషాలకు పైగా సాగే ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’ అనే వాద్య విధ్వంసాన్ని పెట్టాడు. లండన్ యూఎఫ్ఓ క్లబ్బులో రంగునీళ్ల వెలుగుల కింద వాళ్లు రాత్రుళ్లు వాయించింది ఈ బాణీలోనే. అబ్బీ రోడ్ స్టూడియోలో ఈ ఆల్బమ్ తయారవుతున్నప్పుడు పక్క గదిలో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ చేస్తున్నారు. రెండూ విని పోల్చండి. ‘పెప్పర్స్’ను అందరూ ఈ కాలానికి శిఖరమంటారు, నా లెక్కలో అది గొప్ప పాప్ ఆల్బమ్, ‘పైపర్’ గొప్ప సైకడెలిక్ ఆల్బమ్. బీటిల్స్ మనసు ఎంత తిరిగినా గడియారం చూసుకుంటూనే ఉంటారు. బారెట్ చూసుకోడు.

పాటలు చాలు, ఇక ఒక ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వినగలను అనిపించినప్పుడు రెండే రెండు తీసుకోండి. లవ్ బృందం ‘ఫరెవర్ ఛేంజెస్’ (1967 నవంబరు), జాంబీస్ బృందం ‘ఒడెస్సీ అండ్ ఒరకిల్’ (1968 ఏప్రిల్). రెండిట్లోనూ గిటార్ల గోల తక్కువ. పాట అల్లిక గట్టిగా ఉంటుంది. మన సినిమా పాటల్లో వయొలిన్ల బృందాలు విని పెరిగిన చెవికి ఇవి పరాయివిగా అనిపించవు.

‘ఫరెవర్ ఛేంజెస్’ లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. అందరూ ప్రేమ, శాంతి అని పాడుకుంటున్న ఆ వేసవిలో బృంద నాయకుడు ఆర్థర్ లీ తన చావు దగ్గర పడిందన్న ఊహతో ఈ పాటలు రాశాడు. పైన మెత్తటి గిటారు, వయొలిన్లు, స్పానిష్ ట్రంపెట్లు, కింద భయం. మొదటిసారి వింటే హాయిగా ఉంటుంది, నాలుగోసారి వింటే ఒళ్లు జలదరిస్తుంది. మొదటి పాట ‘అలోన్ అగైన్ ఆర్’ మాత్రం లీది కాదు, అదే బృందంలోని బ్రయాన్ మెక్లీన్‌ది. ఒక్కటే ఆల్బమ్ చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

జాంబీస్ కథ వేరు. వాళ్లూ అబ్బీ రోడ్‌లోనే చేశారు. మెలట్రాన్ అనే వాద్యం, అంటే మీట నొక్కితే లోపలి టేపు మీద ముందే రికార్డు చేసిన వయొలిన్లో వేణువులో మోగే పెట్టె, ఈ ఆల్బమ్ నిండా ఉంది. అట్ట గీసిన చిత్రకారుడు ‘ఒడెస్సీ’ అక్షరాలు తప్పు రాశాడు, అలాగే అచ్చయింది. ఆల్బమ్ బయటికి రాకముందే బృందం విడిపోయింది. ఆ తర్వాత 1969లో ‘టైమ్ ఆఫ్ ది సీజన్’ అమెరికాలో పెద్ద హిట్టయింది. పాడటానికి బృందమే లేదు! మొదటి పాట హుషారుగా, పెళ్లికొడుకు పాడుతున్నట్టు ఉంటుంది. మాటలు పట్టించుకుంటే అది జైల్లో ఉన్న ప్రియురాలికి రాసిన ఉత్తరం.

గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ గురించి చెప్పకుండా కుదరదు, ఎక్కువ చెప్పనక్కరా లేదు. 1967 నాటి ‘ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్’ వినండి. మొదట బ్రిటన్‌లో ఒక పాటల వరసతో, అమెరికాలో మరో వరసతో వచ్చింది. ‘పర్పుల్ హేజ్’ బ్రిటన్ ఎల్పీలో లేదు. ఇప్పుడు సాధారణంగా దొరికే కూర్పుల్లో అన్నీ కలిసే ఉంటాయి. తర్వాత 1968 నాటి జంట ఎల్పీ ‘ఎలెక్ట్రిక్ లేడీలాండ్’లో సముద్రం అడుగుకు వెళ్లిపోయే దీర్ఘమైన పాట ‘1983’. గిటార్ ఒక చెవి నుంచి మరో చెవికి ఈదుతుంది. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ నుంచి ‘వైట్ రాబిట్’ ఒక్కటి చాలు. గ్రేస్ స్లిక్ గొంతు రెండున్నర నిమిషాల పాటు మెట్టు మెట్టుగా ఎక్కుతూ, దిగకుండానే ముగుస్తుంది.

వీటి తర్వాత పెద్ద నిడివి వాటికి తిరిగి రండి. అప్పుడు కూడా నేను ‘లైవ్/డెడ్’ కంటే ముందు జర్మనీకి వెళ్లమంటాను. కొలోన్ నగరపు కాన్ బృందం ‘టాగో మాగో’ (1971)లో ‘హల్లెలూవా’ 18 నిమిషాలు. యాకీ లీబెట్సైట్ డ్రమ్స్ లయ పట్టుకుని చివరిదాకా వదలడు. గంటల తరబడి వాయించిన దాన్ని హోల్గర్ చుకాయ్ కత్తిరించి అతికించి పాటగా నిలబెట్టాడు. లయ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది కనుక నిడివి భారం తెలియదు. గ్రేట్‌ఫుల్ డెడ్ దగ్గర ఆ చెయ్యి ఉండదు, అందుకే మీరు ఆగిపోయారు.

రెండో ప్రశ్న, మత్తుమందు. మీ స్నేహితుడికి రెండు ముక్కలు చెప్పండి. 1968లో ‘వి ఆర్ ఓన్లీ ఇన్ ఇట్ ఫర్ ది మనీ’ అనే ఆల్బమ్ చేసిన ఫ్రాంక్ జాపా మత్తుమందులను బాహాటంగా ఈసడించుకున్నవాడు. తన బృందంలో వాటిని సహించేవాడు కాదు. హిప్పీలను ఎగతాళి చేసిన ఆ రికార్డంత విచిత్రమైనవి మత్తులో చేసినవాటిలోనూ తక్కువే. కాలిఫోర్నియాలోని మాంటెరే సంగీతోత్సవంలో 1967లో శ్రోతలను కట్టిపడేసిన రవిశంకర్, తన సంగీతాన్ని మత్తుతో ముడిపెట్టడం తనకెంత బాధ కలిగించిందో మళ్లీ మళ్లీ చెప్పాడు. ఇక రెండో వైపు చూడండి. ‘పైపర్’ వచ్చిన ఏడాదిలోపే సిడ్ బారెట్ బృందంలో లేడు, వేదిక మీద వాయించలేని స్థితికి చేరాడు. రోకీ ఎరిక్సన్ 1969లో గంజాయి కేసులో పట్టుబడి, మతిస్థిమితం లేదన్న వాదనతో జైలు తప్పించుకున్నా, 1972 దాకా మానసిక వైద్యశాలలో బందీగా గడిపాడు. మన దేశంలో 1985 నాటి చట్టం కింద ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు దగ్గర ఉండటమే నేరం. పాట వినడానికి మంచి హెడ్‌ఫోను చాలు.

ఇంగ్లిష్ మాటలు అర్థం కాకపోవడం గురించి కూడా మీరు మధ్యలో బెంగపడ్డారు. ఆ పాటల్లో చాలా వాటికి ఇంగ్లిష్ వచ్చినవారికీ అర్థం లేదు. పైగా నాకు బాగా నచ్చేవాటిలో చాలా భాగం ఇంగ్లిష్‌వే కావు. బ్రెజిల్‌లో సైనిక పాలన నడుస్తుండగా 1968లో ‘ట్రోపికాలియా’ అనే సంకలనం వచ్చింది. కయతానో వెలోసో, జిల్బెర్తో జిల్, గల్ కోస్టా, టామ్ జే, ఓస్ ముటాంటెస్ కలిసి చేసిన చాటింపు అది. ఆ ఏడాది చివర్లోనే వెలోసోను, జిల్‌ను అరెస్టు చేశారు. తర్వాత ఇద్దరూ లండన్‌లో ప్రవాసం గడిపారు. ఓస్ ముటాంటెస్ పాడిన ‘పానిస్ ఎట్ సిర్సెన్సెస్’ మధ్యలో ఎవరో కరెంటు తీగ పీకేసినట్టు పాట జారి ఆగిపోతుంది. మీ ఫోను పాడవలేదు, అది కావాలని చేసిందే. ఆ తర్వాత భోజనాల బల్ల దగ్గర గిన్నెల చప్పుడు వినిపిస్తుంది.

టర్కీ నుంచి రెండు: ఎర్కిన్ కొరాయ్ ‘ఎలెక్ట్రానిక్ టుర్కులెర్’ (1974), సెల్దా బాజాన్ తన పేరుతోనే చేసిన ఆల్బమ్ (1976). ఊళ్లలో పాడుకునే జానపదాలకు విద్యుత్ సాజ్ (అక్కడి తంత్రీవాద్యం), గరగరలాడే ఫజ్ గిటార్, సింథసైజర్ తొడిగారు. సెల్దా గొంతులో ఏడుపూ తిరుగుబాటూ కలిసి ఉంటాయి. 1980 సైనిక కుట్ర తర్వాత ఆమె జైలుకు వెళ్లవలసి వచ్చింది. ‘ఇంజె ఇంజె’ పాట వినండి, భాష రాకపోయినా అది ఎవరి మీద కోపమో తెలిసిపోతుంది.

పెరూ వాళ్ల కుంబియా అనే నాట్య సంగీతపు గిటార్ పాటల సంకలనం ‘ది రూట్స్ ఆఫ్ చిచా’ 2007లో వచ్చింది. అమెజాన్ అడవుల పట్టణాల్లో నాట్యం చేయడానికి కట్టిన పాటలవి. అందుకే దిగులుగా ఉన్నరోజు కూడా పనికొస్తాయి. జాంబియాలో రాగి గనుల ప్రాంతపు కుర్రాళ్లు 1970లలో కట్టిన ‘జామ్‌రాక్’ అని ఒక శాఖ ఉంది. విచ్ బృందం ‘లేజీ బోన్స్’ (1975), అదే ఏడాది అమనాజ్ బృందం ‘ఆఫ్రికా’ మొదట వినండి. రాగి ధర పడిపోయి ఆ దేశం కుంగింది, తర్వాత ఎయిడ్స్ ఆ సంగీతకారుల్లో చాలామందిని తీసుకుపోయింది. విచ్ గాయకుడు ఇమాన్యుయెల్ ‘జగారీ’ చందా మాత్రం ఈ మధ్య మళ్లీ వేదికలెక్కి పాడుతున్నాడు.

మన దేశం సంగతి కూడా చెప్పాలి కదా. సిమ్లా సిగరెట్ల ప్రచారం కోసం ‘సిమ్లా బీట్’ అని యువ బృందాలకు పోటీలు జరిగేవి. వాటిలో నెగ్గినవారి పాటలతో 1970, 71లలో రెండు ఎల్పీలు వచ్చాయి. షిల్లాంగ్, కలకత్తా, బెంగళూరు, మద్రాసు కుర్రాళ్ల రాక్ అది. మద్రాసుకు చెందిన కన్‌ఫ్యూజన్స్ బృందం ‘వాయిస్ ఫ్రమ్ ది ఇన్నర్ సోల్’ వింటే, ‘నగెట్స్’లో పెట్టినా ఎవరూ తేడా గుర్తుపట్టరు. కొన్ని పాటలు అనుకరణలే, అది దాచవలసిన పని లేదు. నర్తకుడు ఉదయశంకర్ కుమారుడు ఆనందశంకర్ 1970లో అమెరికాలో చేసిన ఆల్బమ్ ఇంకో దారి. రోలింగ్ స్టోన్స్ పాటను సితార మీద, మూగ్ సింథసైజర్ తోడుగా వాయించాడు. అది సరదా. అసలు పని అదే ఆల్బమ్‌లోని 13 నిమిషాల ‘సాగర్’లో ఉంది.

కొత్తవాళ్లలో టేమ్ ఇంపాలా ‘లోనరిజమ్’ (2012) మీరు వినే ఉంటారు. కింగ్ గిజర్డ్ అండ్ ది లిజర్డ్ విజర్డ్ ‘ఫ్లయింగ్ మైక్రోటోనల్ బనానా’ (2017) కోసం గిటార్లకు అదనపు మెట్లు పెట్టించుకుని, మామూలు గిటార్ పలకని స్వరాలు పలికించారు. ఆ ఏడాది ఆ బృందం ఐదు ఆల్బమ్‌లు వదిలింది. అన్నీ వినమని ఎవరైనా అంటే నమ్మకండి. టోక్యోకు చెందిన కికగాకు మోయో ‘మసానా టెంపుల్స్’ (2018)లో సితార వాయించిన ర్యూ కురోసావా ఆ విద్య భారతదేశంలో నేర్చుకున్నాడు.

వినేటప్పుడు ఒక్క జాగ్రత్త. 60ల నాటి స్టీరియోలో చాలాసార్లు గొంతు మొత్తం ఒక వైపు, డ్రమ్స్ మొత్తం మరో వైపు ఉంటాయి. ఒక్క చెవిలో పెట్టుకుని, రెండోది స్నేహితుడికిస్తే ఇద్దరూ చెరి సగం పాటే వింటారు. శబ్దాలన్నీ ఒక్కటిగా కలిపి రెండు చెవులకూ ఒకేలా వినిపించే మోనో కూర్పు దొరికితే, ముఖ్యంగా ‘పైపర్’కు, ‘పెప్పర్స్’కు, అదే వినండి. ఆ రోజుల్లో బృందాలు దగ్గర కూర్చుని చేయించుకున్నది మోనో మిశ్రమమే. హెండ్రిక్స్‌కు మాత్రం స్టీరియో కావాలి.

కొనడం విషయానికొస్తే, పది ఎల్పీలు ఒకేసారి వద్దు. ఆ కాలపు అసలు ముద్రణల జోలికి పోకండి, ఆ ధరలు సేకరణ పిచ్చి ఉన్నవారి కోసం. కొత్త ముద్రణలు చాలు. మొదట ‘నగెట్స్’ జంట ఎల్పీ, ఎందుకంటే అట్ట లోపలి రాత చదవడంలోనే సగం ఆనందం ఉంది. తర్వాత ‘ఫరెవర్ ఛేంజెస్’. మూడోది సెల్దా. కాన్, హెండ్రిక్స్ జంట ఎల్పీలు ఖరీదు. అవి ఫోనులో విని, మళ్లీ మళ్లీ వినాలనిపిస్తేనే కొనండి. డబ్బు ఇంకా మిగిలితే నాలుగోది ‘మెడిల్’ తీసుకోండి. దాని రెండో వైపంతా ‘ఎకోస్’ ఒక్కటే, కాబట్టి మధ్యలో లేచి రికార్డు తిప్పవలసిన పని ఉండదు.